ఊదుగొట్టం

మా ఇంట్లో సంగీతం విషయంలో మూడు పార్టీలున్నాయి. అత్తయ్యగారిది ఒకటి, మా వారిది ఒకటి, మా అబ్బాయిది ఒకటి. నేను ఏ పార్టీలోనూ సభ్యత్వం పుచ్చుకోకుండా, సమయాన్ని బట్టి అందరికీ తల ఊపుతూ ఇరవై ఏళ్ళుగా కాపురం నెట్టుకొస్తున్నాను. అందుకే మొన్న సంక్రాంతి సెలవులకి వచ్చిన మావాడు తండ్రి యాభయ్యో పుట్టినరోజుకని ఒక పాటల డిస్కు తెచ్చి చేతిలో పెట్టినప్పుడు, దానివల్ల నా ప్రాణానికి ఇంత తంటా వస్తుందని అనుకోలేదు.

డిస్కు పేరు ‘ది జెలట్ జీన్’. 2022 జనవరిలో వచ్చింది. పాడినవాళ్ళు జెత్రో టల్ అనే ఇంగ్లీషు బృందం. ఇంజనీరింగు కాలేజీ హాస్టళ్ళలో చదివిన అన్నదమ్ములో, మొగుళ్ళో ఉన్నవాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో మా వారు నాకు గర్వంగా చూపించిన స్థిరాస్తి ఏమిటంటే, ఒక అట్టపెట్టెడు కాసెట్లు. వాటిల్లో అన్నిటికంటే పైన ఉండేది ‘ఆక్వాలంగ్’. అట్ట మీద మాసిన గడ్డం, చీకిపోయిన కోటు వేసుకున్న ముసలి బిచ్చగాడి బొమ్మ. కొత్త పెళ్ళికూతురికి చూపించవలసిన బొమ్మేనా అది? నాకు ఒళ్ళు మండింది గాని, పాట విన్నాక కొంచెం చల్లారింది. లండన్‌లో థేమ్స్ ఒడ్డున నిలవనీడ లేని మనుషుల్ని పాటగాడి భార్య ఫోటోలు తీస్తే, ఆ ఫోటోల్లోంచి పుట్టిన పాట అది. ఆ ముసలివాడు ఊపిరి తీస్తుంటే నీళ్ళలో మునిగేవాళ్ళు పెట్టుకునే గాలిబుడ్డి చప్పుడులా గురగుర వినిపిస్తుందిట. అందుకే వాడికి ఆ పేరు. 1971లో ఆ పాట పాడేనాటికి ఇయాన్ ఆండర్సన్‌కి 23 ఏళ్ళు. ఆ వయసులో ఇంకొకడి ఆయాసం పాటకి వస్తువు మాత్రమే. ఈ మాట కొంచెం గుర్తుంచుకోండి, మళ్ళీ పనిపడుతుంది.

పుట్టినరోజునాడు మధ్యాహ్నం, పాయసాలు అవుతుండగా, అత్తయ్యగారు డిస్కు అట్ట తిరగేసి చూస్తూ, “ఇదేం పేరురా?” అన్నారు మనవడితో.

“ఒక రైతు పేరు నానమ్మా. మూడువందల ఏళ్ళనాటి మనిషి. విత్తనాలు చాళ్ళలో పోసే యంత్రం కనిపెట్టాడు.”

“అంటే గొర్రా?”

మావాడికి గొర్రు తెలియదు. అత్తయ్యగారిది నరసరావుపేట పక్క పల్లె. చిన్నప్పుడు వాళ్ళ నాయన ముందు ఎడ్లని తోలుతుంటే ఈవిడ గొర్రు వెనకాల నడుస్తూ జడ్డిగంలో జొన్నలు పోసేవారుట. పోయడమంటే గుప్పెడు గుమ్మరించడం కాదు. వేళ్ళ సందుల్లోంచి సమంగా జారాలి. జడ్డిగం కింద వెదురు గొట్టాలుంటాయి, వాటిల్లోంచి గింజ జారి గొర్రుపళ్ళు తీసిన చాల్లో పడుతుంది. చెయ్యి తడబడితే ఒకచోట ఒత్తు, ఒకచోట ఖాళీ. “ఆ పని ఆడవాళ్ళదే. మొగాడి చేతికి ఆ ఓర్పెక్కడిది? మా నాయనకి రెండు గొర్రులుండేవి. ఆ మాత్రానికి పాటలవాళ్ళు పేరు పెట్టేసుకోవాలా?” అని నవ్వారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. జెత్రో టల్ అనే ఆ పెద్దమనిషి 1701 ప్రాంతంలో తన యంత్రం తయారుచేసుకున్నది, చర్చిలో వాయించే ఆర్గన్ పెట్టె లోపలి ఏర్పాటు చూసి. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. సంగీతానికీ సేద్యానికీ ఆ వియ్యం అప్పుడే కుదిరింది. ఇక గొర్రు సంగతంటారా, అదే శతాబ్దం చివర్లో హాల్‌కాట్ అనే ఇంగ్లీషు కాప్టెను గుంటూరు ప్రాంతంలో గుర్రం మీద పోతూ పొలంలో గొర్రు చూసి నివ్వెరపోయాడు. ఇది యూరపువాళ్ళు ఈమధ్య కనిపెట్టిందని అనుకుంటున్నానే, ఇక్కడ అనాదిగా ఉందిట అని ఉత్తరాలు రాశాడు. ధరంపాల్‌గారు 1971లో వేసిన పుస్తకంలో అవి ఉన్నాయి. నేను ఈ సంగతి చెప్పగానే అత్తయ్యగారు, “అడిగితే మేమే చెప్పేవాళ్ళంగా” అనేసి పాయసం గిన్నె అందుకున్నారు.

బృందానికి ఆ పేరు వీళ్ళు ఏరికోరి పెట్టుకున్నదీ కాదు. 1967, 68 ప్రాంతాల్లో అంతా ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు, చేతిలో కానీ లేదు, వాయించేది అమెరికా నల్లవాళ్ళ బ్లూస్ పాటలు. ఒకసారి వచ్చి వెళ్ళిన క్లబ్బువాళ్ళు మళ్ళీ పిలవకపోతే, వీళ్ళ కచేరీలు కుదిర్చే ఆఫీసువాళ్ళు వారానికో పేరు మార్చి పంపేవారు. మార్క్వీ క్లబ్బులో ఈ పేరుతో వాయించిన రోజున మళ్ళీ రమ్మన్నారు. పేరు అతుక్కుపోయింది. మొదటి రికార్డు మీద అది కూడా తప్పుగా ‘జెత్రో టో’ అని అచ్చయింది. పెళ్ళి శుభలేఖల్లో పేర్లు తప్పుపడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే ఓదార్పుగా ఉంటుందని చెబుతున్నాను.

ఆండర్సన్ గిటారు వాయించేవాడు. ఎరిక్ క్లాప్టన్‌లాంటివాణ్ణి విన్నాక, ఈ జన్మకి మనకి అది రాదని తేల్చుకుని గిటారు ఇచ్చేసి బదులుగా ఒక ఫ్లూటు తెచ్చుకున్నాడు. గురువు లేడు. ఊదడం, ఊదుతూనే అందులోకి కూనిరాగం తియ్యడం, అలా ఏదో తనకి తోచినట్టు నేర్చుకున్నాడు. పైగా ఒంటికాలి మీద నిలబడి వాయించడం! మన వేణుగోపాలుడు కాలు మీద కాలు వేసి నిలబడతాడే, సరిగ్గా అలా కాదు గాని, ఈయన ఇండియా వస్తే జనానికి ఆయనే గుర్తొచ్చాడంటే తప్పేముంది? అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి మరొకటుంది. పాతికేళ్ళు ప్రపంచమంతా చుట్టి వాయించాక, బళ్ళో ఫ్లూటు పాఠాలు నేర్చుకుంటున్న కూతుర్ని చూసి, తను వేళ్ళు పెట్టే పద్ధతి తప్పని ఆయనకి తెలిసింది. అప్పుడాయనకి నలభై దాటాయి, అంటే నా వయసే. కోట్ల రికార్డులు అమ్ముడుపోయిన మనిషి మళ్ళీ మొదట్నుంచీ వేళ్ళు పెట్టడం నేర్చుకున్నాడు. మనమైతే పిల్లలు “అమ్మా, ఆ మాట అలా పలకరు” అంటే వారం రోజులు మాట్లాడం.

సరే, అసలు కథ.

సాయంకాలం డిస్కు పెట్టారు. మా వారు మొదటి పాట సగంలోనే మొహం చిట్లించారు. “మార్టిన్ బార్ లేడురా ఇందులో” అన్నారు. 1968 చివర్లో చేరి నాలుగు దశాబ్దాల పైన ఆండర్సన్ పక్కన గిటారు వాయించిన మనిషి ఆయన. ఆయన లేని జెత్రో టల్ మామిడికాయ లేని ఆవకాయ అని మా వారి తీర్పు. కాదు, మనుషులు మారినా చెయ్యి అదేనని కొడుకు వాదన. ఇద్దరూ ఆగి నా వంక చూశారు. రచయిత్రిని కదా, నేనూ ఏదో ఒకటి అనాలి.

“అసలు గొంతేదీ?” అన్నాను. “కాసెట్లో ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది! ఉన్నన్నాళ్ళు పాడారు, సంపాదించారు. ఇంక హాయిగా కూర్చోవచ్చుగా? ఊపిరి చాలనప్పుడు ఊరుకోవడం కూడా ఒక కళే.”

ఆ ఆఖరి వాక్యం మీద నాకే ముచ్చటేసింది. ఎక్కడైనా వాడుకోవచ్చునని మనసులో దాచుకున్నాను కూడా. చూశారా బుద్ధి!

పక్కగదిలో దేవుడి దగ్గర అత్తయ్యగారు వత్తులు వేస్తున్నారు. మధ్య ఉన్నది కర్టెను, గోడ కాదు.

మా అత్తగారు దీపం పెట్టాక రోజూ కాసేపు పాడతారు. త్యాగరాజ కృతులూ అవీ కాదు, ఆడవాళ్ళ పాటలు. అందులోనూ ఆవిడకి ప్రాణం ‘ఊర్మిళాదేవి నిద్ర’. ఒకప్పుడు ఎక్కడా ఆగకుండా మొత్తం పాడేవారు. ఈ మూడేళ్ళుగా రోజుకి కాస్త, అదీ ఆగి ఆగి. నేను వంటింట్లో చపాతీలు ఒత్తుకుంటూ వినీ విననట్టు వినేదాన్ని. ఆ రోజు పాట లేదు. మర్నాడూ లేదు. మూడోనాడు, “ఏం అత్తయ్యా, పాడటం లేదేం?” అన్నాను. “గొంతు బాగాలేదమ్మా” అన్నారు. వాము కషాయం పెట్టి ఇచ్చాను. నా తెలివి ఆ మాత్రం! సెలవులయిపోయి మావాడు బయల్దేరుతూ, చెప్పులు వేసుకుంటూ చెప్పాడు. “అమ్మా, నువ్వారోజు అన్నది నానమ్మ విన్నది.”

అత్తయ్యగారికి ఉన్నది ఊపిరితిత్తుల జబ్బు. సి.ఓ.పి.డి. అంటారు. డాక్టరుగారు మొదటిసారి చూసినప్పుడు అలవాటుగా, “చుట్టగాని బీడీగాని తాగేవారా?” అని అడిగారు. ఆవిడకి వచ్చిన కోపం చూడాలి. తరవాత ఆయనే, “పోనీ, కట్టెలపొయ్యి మీద ఎన్నేళ్ళు వండారమ్మా?” అన్నారు. ఇరవైరెండేళ్ళు. పదిహేడో ఏట పద్నాలుగుమంది ఉన్న ఇంట్లో అడుగుపెట్టి, పత్తికట్టె, కందికట్టె, వానాకాలంలో సగం ఆరిన పిడకలు, కిటికీ లేని వంటిల్లు. మంట రాజుకోకపోతే ఊదుగొట్టం తీసుకుని పొయ్యి ముందు వంగి ఊదడం. ఊది, మళ్ళీ ఊపిరి తీసుకునేటప్పుడు లోపలికి పోయేదేమిటి? పొగే కదా. మనదేశంలో ఈ జబ్బు తెచ్చుకున్న ఆడవాళ్ళలో బోలెడుమంది పుట్టి బుద్ధెరిగి పొగాకు ముట్టనివాళ్ళేనుట. గాలి లోపలికి వెళుతుంది గాని పూర్తిగా బయటికి రాదు, అదీ ఈ జబ్బులో చిక్కు. అందుకని పెదవులు ముడిచి, వేడిపాలు ఊదినట్టు మెల్లిగా, పొడుగ్గా వదలమని చెప్పారు డాక్టరుగారు. ఆవిడ ససేమిరా అన్నారు. “ఊది ఊదే కదా ఇలా అయ్యాను, మళ్ళీ ఊదమంటాడేమిటి?”

మావాడు వెళ్ళిన రాత్రి నిద్రపట్టలేదు. ఆ డిస్కు సంగతి కాస్త చదువుదామని కూర్చున్నాను. అప్పుడు తెలిసింది. ఇయాన్ ఆండర్సన్‌కీ అదే జబ్బు. 2020లో టెలివిజన్ ఇంటర్వ్యూలో తనే చెప్పాడు. యాభై ఏళ్ళపాటు వేదికల మీద పెట్టే పొగయంత్రాల పక్కన పాడటం దీనికి కారణమని ఆయన నమ్మకం. గొంతు దెబ్బతినడం మాత్రం ఇంకా పాతది, 1984లో ఒక పర్యటనలో మొదలైంది. 1947లో పుట్టిన మనిషి, మా అత్తగారికంటే రెండేళ్ళు పెద్ద. ఇరవైమూడేళ్ళ వయసులో ముసలివాడి గురగుర ఊపిరి గురించి పాడినవాడు, డెబ్భై దాటాక ఆ ఊపిరితోనే పాడుతున్నాడు.

నా వాక్యం నాకు మళ్ళీ గుర్తొచ్చింది. ఈసారి ముచ్చటెయ్యలేదు.

ఇప్పుడు మీరే చెప్పండి, అత్తాకోడళ్ళ మధ్య ‘క్షమించండి’ అనే మాటకి చోటెక్కడుంది? తప్పు చేస్తే మర్నాడు కాఫీ ఇంకాస్త చిక్కగా కలుపుతాం, అంతేగా. కాఫీ చిక్కగా కలిపాను. తాగి గ్లాసు కడిగి బోర్లించారు. పాట లేదు. రెండు రోజులు చూసి, మూడోరోజు మధ్యాహ్నం ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే నేనూ పక్కన కూర్చుని, “అత్తయ్యా, ఆ గొర్రువాళ్ళ పాటలు ఒకసారి విందామా?” అన్నాను.

“నాకేం అర్థమవుతుంది?” అన్నారు. వద్దనలేదు.

ఈ పాటలు ఆయన మొదలుపెట్టింది 2017లో. ముందు ఒక కాగితం మీద మాటలు రాసుకున్నాడట. ద్వేషం, ఆగ్రహం, దురాశ ఒకవైపు. ప్రేమ, కరుణ, విశ్వాసం ఇంకోవైపు. తరవాత ఆ ఒక్కొక్క మాటా బైబిల్లో ఎక్కడెక్కడ ఎలా వచ్చిందో వెతుక్కున్నాడు. అలాగని భక్తిపాటలు కావు. తను విశ్వాసిని కానని చెప్పుకుంటూనే, క్రిస్మస్ రోజుల్లో పాత కథీడ్రళ్ళ బాగు కోసం కచేరీలు చేసే తరహా మనిషి. ఈ పద్ధతి నాకు నచ్చింది. నవల మొదలుపెట్టే ముందు నేనూ ఇలాగే చాకలిపద్దు వెనకాల నాలుగు మాటలు రాసుకుంటాను, కాకపోతే ఆ కాగితం చాకలికే ఇచ్చేస్తుంటాను. ఏడు పాటలు బృందంతో కలిసి చేశాక, ఊళ్ళు తిరగడంతో పని ఆగింది, ఆపైన కరోనా వచ్చింది. ఇంక వీళ్ళందరూ ఒక గదిలో చేరడం ఎప్పటికోనని, మిగిలిన అయిదూ 2021లో ఇంట్లోనే కూర్చుని పూర్తిచేశాడు. మొత్తం పన్నెండు. అన్నీ కొత్త పాటలే ఉన్న డిస్కు జెత్రో టల్ పేరు మీద అంతకుముందు వచ్చింది 1999లో.

మొదటి పాట ‘మిసెస్ టిబెట్స్’. ఎవరీవిడ అంటారా? 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు వేసిన విమానానికి ఎనోలా గే అని పేరు కదా. అది ఆ విమానం నడిపిన పాల్ టిబెట్స్ తల్లి పేరు. తండ్రి వాణ్ణి డాక్టరు కమ్మంటే, తల్లి మాత్రం, నీకు ఎగరాలని ఉంటే ఎగురు నాయనా, ఏమీ కాదు అని వెనకేసుకొచ్చింది. ఆ కృతజ్ఞతతో కొడుకు ఆవిడ పేరు విమానం మీద రాయించాడు. మిషన్ స్కూల్లో చదివిన పుణ్యమా అని, దీని వెనక సొదొమ పట్నం మీద అగ్ని కురిసిన కథ ఉందని నాకు తట్టింది. వెనక్కి తిరిగి చూసి ఉప్పుస్తంభమైపోయిన లోతు భార్య కథ అందులోదే. నేను ఇదంతా చెబుతుంటే అత్తయ్యగారి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

“తల్లికి తెలుసా, తన పేరు పెట్టాడని?”

“తరవాతైనా తెలిసే ఉంటుంది అత్తయ్యా.”

“పాపం, గొప్ప ప్రేమే” అని మళ్ళీ ఈనె లాగారు.

అన్నీ గొప్పగా ఉన్నాయని చెప్పను. అట్ట మీద పేరున్న పాట, సామాజిక మాధ్యమాల్లో జనం రెండు ముక్కలై కొట్టుకు చావడం గురించి. చెప్పిన మాట నిజమే, మా బంధువుల వాట్సప్ గ్రూపు ఆయన చూశాడేమోనన్నంత నిజం. కాని పాటలో ఉపన్యాసం పాలు ఎక్కువైంది. అక్కడ అత్తయ్యగారు కూడా లేచి కుక్కరు చూసి వస్తానన్నారు. బాప్తిస్మమిచ్చు యోహాను తల్లి ఎలీసబెతు పాట వచ్చేసరికి మళ్ళీ వచ్చి కూర్చున్నారు. ముసలితనం దాకా పిల్లలు లేక నలుగురి నోళ్ళలో నానిన మనిషి కథ అనగానే, పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి మా వారిని కన్న మా అత్తగారు, “ఆవిణ్ణేమన్నారు వాళ్ళ ఊళ్ళో? మనవాళ్ళ మాటేనా?” అన్నారు. అదే మాటన్నాను. గొడ్రాలు. ఏ భాషలోనైనా ఆ మాటకి మెత్తదనం లేదు.

ఆవిడ మాటల కోసం వినడం లేదని నాకు కాసేపటికి గాని తెలియలేదు. చెయ్యి చిక్కుళ్ళ మీద ఉంది, చెవి ఇంకెక్కడో ఉంది.

“అదుగో, అక్కడ పట్టాడు” అన్నారు.

“ఏమిటత్తయ్యా?”

“ఊపిరి. మాట మధ్యలో పట్టడు చూడు. మాట అయ్యేదాకా ఆగి, అప్పుడు పడతాడు. తెలివైనవాడు. పైకి పోడు, కిందనే తిరుగుతాడు. చిన్న చిన్న ముక్కలు కట్టుకున్నాడు, తన ఊపిరికి సరిపోయేటట్టు.” కాస్త ఆగి, “ఆయాసమా ఈయనకి?” అన్నారు.

నేను తెల్లబోయాను. మా వారూ, మావాడూ మార్టిన్ బార్ ఉన్నాడా లేడా అని కొట్టుకున్నారు. నేను గొంతేదీ అని తీర్పు చెప్పాను. ఈ పాటలు ఎలా కట్టారో మా ముగ్గురిలో ఒక్కరికీ వినపడలేదు. చరణాలు పొట్టివి, స్థాయి తక్కువది; గొంతు వెళ్ళలేని చోటికి ఫ్లూటు వెళ్ళి ఆ పని చేసుకొస్తుంది. పాత గొంతు లేదని ఏడవకుండా, ఉన్న గొంతుకి కొలతలు తీసుకుని కుట్టిన జాకెట్టులా ఉన్నాయి పాటలు.

“అవునత్తయ్యా, మీకున్నదే ఆయనకీను” అన్నాను. పొగయంత్రాల సంగతీ చెప్పాను.

“పాటగాడి పక్కన పొగెందుకూ?”

“చూడ్డానికి బాగుంటుందని.”

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. నేను గాభరాగా ఇన్‌హేలరు తెచ్చేలోపల చెయ్యి అడ్డంపెట్టి, పెదవులు ముడిచి, మెల్లిగా, పొడుగ్గా ఊదారు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. డాక్టరు మూడేళ్ళుగా చెప్పి చెప్పి విసిగిన పని. స్పీకర్లో ఆయనా అప్పుడు ఫ్లూటే ఊదుతున్నాడు. తేరుకున్నాక, “ఆయన గొట్టం మేలు” అన్నారు. “అటు చివర రాగం ఉంది. నా గొట్టానికి అటు చివర పొయ్యి.”

ఏమనను? చిక్కుళ్ళు గిన్నెలోకి తీశాను.

తొమ్మిదో పాట ఒకటుంది. ‘వేర్ డిడ్ సాటర్డే గో?’ అని, చిన్నది, వాద్యాలు తక్కువ. శుభశుక్రవారంనాడు క్రీస్తుని సిలువ వేశారు, ఆదివారం లేచాడు. ఆ రెండు రోజుల గురించే అందరూ చెబుతారు. మధ్యలో శనివారం ఏమైంది, ఆ రోజు ఆ మనుషులు ఏం చేస్తూ కూర్చున్నారు అన్నది పాట. నేను సంగతి చెప్పాను. అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “మనవాళ్ళు మాత్రం పట్టించుకున్నారా?” అన్నారు. “రాముడు అడవికి పోయాడన్నారు, తిరిగొచ్చాడన్నారు. పద్నాలుగేళ్ళు ఆ గదిలో ఊర్మిళ ఏమైందని ఎవరడిగారు? మా అమ్మలూ అమ్మమ్మలూ అడిగారు గనక పాటయింది.”

అప్పుడు అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు, గిన్నెలోకి చూస్తూ అన్నాను. “ఆ రోజు నేను తెలివితక్కువగా వాగాను అత్తయ్యా.”

“ఏ రోజు?” అన్నారు ఆవిడ, నా వంక చూడకుండా. “ఆ పాట మళ్ళీ పెట్టు, శనివారంది.”

పెట్టాను.

మా వారికి ఈ డిస్కు ఇప్పటికీ గిట్టదు. బ్రిటన్ అమ్మకాల పట్టికలో అది 9వ స్థానానికి వచ్చిందనీ, ఆ బృందానికి మొదటి పదిలో చోటు 1972 తరవాత అప్పుడేననీ చదివి వినిపిస్తే, “పాత పేరుకి పడ్డ ఓట్లు” అన్నారు. అయినా ఆండర్సన్ ఊరుకోలేదు. 2023లో ఒకటి, 2025లో ఒకటి, మరో రెండు తెచ్చాడు. మావాడు అవీ తెస్తానన్నాడు. తెమ్మన్నాను. నా అభిప్రాయం మాత్రం అడగొద్దన్నాను.

ఆ సాయంకాలం సంగతి చెప్పి ఆపుతాను. దీపం పెట్టాక అత్తయ్యగారు పీట వాల్చుకుని కూర్చున్నారు. నేను చపాతీల పిండి పట్టుకుని, వంటింట్లో కాకుండా గుమ్మం దగ్గరే కూర్చుని కలపడం మొదలుపెట్టాను. ఆవిడ మొదలుపెట్టారు. పట్టాభిషేకం అయింది, సభ తీరింది. ఒక ముక్క పాడి, ఆగి, పెదవులు ముడిచి ఊది, మళ్ళీ ఇంకో ముక్క. ఆగేది మాత్రం మాట అయ్యాకనే. సీత రాముడితో చెప్పింది, రాముడు లక్ష్మణుణ్ణి పంపాడు. లక్ష్మణుడు ఊర్మిళ గది తలుపు దాకా వచ్చేసరికి ఎనిమిది దాటింది. మా వారు ఆకలంటున్నారు.

“మిగతాది రేపు పాడతాలే” అన్నారు అత్తయ్యగారు, పీట గోడకి జారవేస్తూ.